బ్రౌజర్‌కు పగ్గాలు వేసిన కథ

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి వైపు ఏ కాలేజీ ఆఫీసుకు వెళ్లినా ఒకటే పని నడుస్తుంటుంది. గుమస్తా హాల్‌టికెట్ నంబరు కొడతాడు, బటన్ నొక్కుతాడు, మార్కులు చూసి రిజిస్టర్లో ఎక్కిస్తాడు, వెనక్కి వచ్చి తర్వాతి నంబరు కొడతాడు. రెండు వందల మంది పిల్లలుంటే రెండు వందల సార్లు. సింగరేణి బొగ్గు గనుల ఉద్యోగాల ప్రకటన పడితే నెట్ సెంటర్లోనూ ఇదే తంతు. అదే ఫారం, అవే గళ్లు, పేరు మాత్రం వేరు. ఈ పనిలో బుర్ర వాడేదేమీ ఉండదు. విసుగు మాత్రం కావలసినంత ఉంటుంది.

ఇదంతా కంప్యూటర్ చేతే చేయించవచ్చు. నల్లటి కమాండ్ తెర మీద ఒక్క లైను కొడితే బ్రౌజర్ దానంతట అదే తెరుచుకుంటుంది. జాబితాలోని నంబర్లను వరుసగా తీసుకుంటుంది, గడిలో నింపుతుంది, బటన్ నొక్కుతుంది, వచ్చిన మార్కులను ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్లో రాసిపెడుతుంది. వెనకాల ఉండేది పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాం. దాన్ని నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు గానీ, అలాంటిది ఇంత సులువుగా రాయగలిగే రోజు రావడానికి ముప్పయ్యేళ్లు పట్టింది. ఆ ముప్పయ్యేళ్ల కథ ఇది. మొదట్లో దొడ్డిదారి వెతుక్కున్న ప్రోగ్రాం, చివరికి సింహద్వారం దగ్గర పేరు చెప్పుకుని లోపలికి రావడం ఎలా నేర్చుకుందన్నదే ఇందులో అసలు సంగతి.

కమాండ్ తెర మీద తొలినాళ్ల వెబ్

వెబ్‌ను మౌస్‌తోనే చూడాలన్న నియమం మొదట్లో లేదు. 1990లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ తొలి బ్రౌజర్ రాశాడు. అది నెక్స్ట్ అనే ఒక్క రకం కంప్యూటర్ మీదే నడిచేది. మిగతా యంత్రాలవాళ్ల సంగతేమిటని, అక్కడికి శిక్షణకు వచ్చిన నికోలా పెలో అనే గణిత విద్యార్థిని అక్షరాలు మాత్రమే చూపించే బ్రౌజర్ రాసింది. అది ఏ టెర్మినల్ మీదైనా నడిచేది. 1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో లింక్స్ అనే మరో అక్షరాల బ్రౌజర్ పుట్టింది. 1993లో బొమ్మలతో సహా మొజాయిక్ వచ్చాక జనమంతా మౌస్ వైపు మళ్లారు.

కమాండ్ తెరను వదలని వాళ్లు కొందరు మిగిలారు. క్రొయేషియాకు చెందిన హ్ర్వోయె నిక్షిచ్ 1996లో డబ్ల్యూగెట్ తయారుచేశాడు. అడ్రసు ఇస్తే చాలు, పేజీలను దించిపెట్టే ప్రోగ్రాం అది. ఇంచుమించు అప్పుడే స్వీడన్‌లో డానియెల్ స్టెన్‌బెర్గ్ అనే కుర్రవాడికి ఓ చిన్న అవసరం పడింది. తాను కబుర్లు చెప్పుకునే చాట్ గదిలో డాలరుకు ఎన్ని క్రోనాలో ఎవరైనా అడిగితే తన ప్రోగ్రామే జవాబివ్వాలి. అందుకు కరెన్సీ ధరలున్న వెబ్ పేజీని రోజూ తెచ్చుకోవాలి. బ్రెజిల్‌కు చెందిన రఫాయెల్ సగులా రాసిన ఒక చిన్న ప్రోగ్రాంను తీసుకుని దాన్ని మెరుగు పెడుతూ పోయాడు. 1998 మార్చి 20న కర్ల్ అన్న పేరుతో విడుదల చేశాడు. ఇవాళ కార్లలో, టీవీలలో, ఫోన్లలో ఎక్కడ చూసినా కర్ల్ ఉంది.

పైథాన్ కథా ఇలాంటిదే. నెదర్లాండ్స్‌లో గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో కాలక్షేపంగా మొదలుపెట్టిన భాష 1991లో బయటికి వచ్చింది. వెబ్ పేజీలు తెచ్చుకునే సరంజామా అందులో తొలి నాళ్లలోనే చేరింది. తెచ్చుకున్న పేజీలోంచి కావలసిన ముక్కను ఏరుకోవడానికి 2004లో లియోనార్డ్ రిచర్డ్‌సన్ బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీ అందించాడు.

వీటన్నిటికీ ఒకటే పరిమితి. ఇవి పేజీని తేగలవు గానీ నడపలేవు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన జావాస్క్రిప్ట్, ఆ తర్వాతి పదేళ్లలో వెబ్ తీరునే మార్చేసింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చేసరికి సర్వర్ నుంచి వచ్చేది పేజీ కాదు, పేజీని తయారుచేసే ప్రోగ్రాం అయింది. అది బ్రౌజర్లో నడిస్తేనే తెర మీద ఏదైనా కనిపిస్తుంది. కర్ల్‌తో తెచ్చుకుంటే చేతికి డొల్ల మిగిలేది. ఇక బ్రౌజర్‌నే తోలాలి, వేరే మార్గం లేదు.

షికాగోలో ఒక టైమ్‌షీట్

ఆ అవసరం తీర్చిన పనిముట్టు ఒక హాజరు పట్టీ దగ్గర పుట్టింది. గనిలో మస్టర్ ఎలాగో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టైమ్‌షీట్ అలాగ. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఎంత ఖర్చు పెట్టారన్నది అందులో నింపాలి. 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ ఇలాంటి వెబ్ అప్లికేషన్ మీదే పనిచేస్తున్నాడు. ప్రోగ్రాంలో ఒక మూల ఏదైనా మారిస్తే, మరో మూల ఏదీ చెడలేదని చూసుకోవాలి. అంటే ప్రతిసారీ ఒక మనిషి కూర్చుని, ఉన్న బ్రౌజర్లన్నిటిలోనూ అవే గళ్లు నింపి, అవే బటన్లు నొక్కాలి. హగ్గిన్స్‌కు విసుగొచ్చి, ఆ క్లిక్కులను తానే కొట్టే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం రాశాడు.

ఆ రోజుల్లో ఈ తరహా పరీక్షలకు మెర్క్యురీ ఇంటరాక్టివ్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ అమ్మేది. విన్‌రన్నర్, క్యూటీపీ దాని సరుకులే. లైసెన్సు కొనడం పెద్ద కంపెనీలకే చెల్లేది. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి విరుగుడు సెలీనియం అని హగ్గిన్స్ ఒక ఈమెయిల్‌లో వేళాకోళమాడాడు. ఆ వేళాకోళమే పేరుగా స్థిరపడింది. 2006లో మెర్క్యురీని హెచ్‌పీ దాదాపు 450 కోట్ల డాలర్లకు కొనేసింది. సెలీనియం మాత్రం ఎవరూ కొనక్కర్లేకుండా, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా వచ్చేసింది.

హగ్గిన్స్ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. అతని ప్రోగ్రాం పేజీ లోపల కూర్చుని పనిచేసేది. ఒక సైట్ నుంచి వచ్చిన జావాస్క్రిప్ట్ మరో సైట్ పేజీని ముట్టుకోకూడదని బ్రౌజర్లలో మొదటి నుంచీ కట్టడి ఉంది. ఆ కట్టడి లేకపోతే ఏదో పాటల సైట్ తెరిచినవాడి బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. కాబట్టి సెలీనియంను పరీక్షించాల్సిన సైట్ ఉన్న సర్వర్లోనే పెట్టాల్సి వచ్చేది. సొంత సైట్ అయితే సరే. పరాయి సైట్ అయితే పని సాగదు.

అప్పుడు దొడ్డిదారి తొక్కారు. సెలీనియం ఆర్‌సీ అనే కొత్త రూపంలో బ్రౌజర్‌కూ వెబ్‌కూ నడుమ ఒక మధ్యవర్తి సర్వర్‌ను నిలబెట్టారు. సైట్ పేజీ, సెలీనియం ప్రోగ్రాం రెండూ ఆ మధ్యవర్తి చేతి మీదుగానే వస్తాయి కనుక, రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని బ్రౌజర్ నమ్మేది. ఈ మాయకు తోడు మరో మేలు జరిగింది. మధ్యవర్తికి ఆజ్ఞలు ఏ భాషలోనైనా పంపవచ్చు. జావా, రూబీ, పైథాన్ వాళ్లంతా ఈ దారిన వచ్చారు. కమాండ్ తెర మీద ఒక పైథాన్ ఫైలు నడిపితే పక్కన బ్రౌజర్ కదలడం మామూలు ప్రోగ్రామర్ చేతికి అందింది అప్పుడే. జపాన్‌కు చెందిన షిన్యా కసతాని మరో సౌకర్యం కలిపాడు. ఫైర్‌ఫాక్స్‌లో మనం చేసే క్లిక్కులను రికార్డు చేసి మళ్లీ నడిపించే సెలీనియం ఐడీఈని 2006లో ఆ ప్రాజెక్టుకు ఇచ్చేశాడు.

సింహద్వారం తెరిపించిన మనిషి

మాయ ఎంతోకాలం సాగదు. బ్రౌజర్లు భద్రతను బిగించే కొద్దీ మధ్యవర్తి చేతులెత్తేస్తూ వచ్చాడు. ఫైలు అప్‌లోడ్ చేయాలన్నా, హెచ్చరిక పెట్టె మూయాలన్నా తిప్పలే. అదే థాట్‌వర్క్స్‌లో పనిచేసిన సైమన్ స్టీవర్ట్ వేరేగా ఆలోచించాడు. పేజీలోకి దూరడం ఎందుకు, బయటి నుంచి బ్రౌజర్‌నే పట్టుకుంటే పోదా అన్నాడు. ఒక్కో బ్రౌజర్‌ను దాని తీరులోనే నడిపే వెబ్‌డ్రైవర్ రాశాడు. 2009లో సెలీనియం, వెబ్‌డ్రైవర్ ప్రాజెక్టులు కలిసిపోవాలని నిర్ణయించుకున్నాయి. 2011 జూలైలో సెలీనియం 2 విడుదలైంది.

ఆ తర్వాత జరిగిందే ఈ కథలో పెద్ద మలుపు. బ్రౌజర్ తయారుచేసే కంపెనీలు తమ తలుపు తామే తీశాయి. గూగుల్ క్రోమ్‌డ్రైవర్‌ను, మొజిల్లా గెకోడ్రైవర్‌ను, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ డ్రైవర్‌ను ఇచ్చాయి. 2016లో వచ్చిన సఫారీ 10లో యాపిల్ కూడా ఈ ఏర్పాటు పెట్టింది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జూన్ 5న వెబ్‌డ్రైవర్‌ను అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. వ్యాపారంలో కత్తులు దూసుకునే కంపెనీలు నాలుగూ ఒక్క పద్ధతికి ఒప్పుకున్నాయి.

ఆ పద్ధతి వినడానికి తేలిక. పైథాన్ ప్రోగ్రాం డ్రైవర్‌కు చిన్న చిన్న ఆజ్ఞలు పంపుతుంది. కొత్త బ్రౌజర్ తెరువు, ఈ అడ్రసుకు వెళ్లు, ఈ పేరున్న గడిని వెతుకు, అందులో ఈ అక్షరాలు కొట్టు, ఆ బటన్ నొక్కు. డ్రైవర్ ఒక్కో ఆజ్ఞనూ బ్రౌజర్ చేత చేయించి, అయిందనో కాలేదనో జవాబిస్తుంది. ఈ ప్రమాణంలో చాలామంది గమనించని షరతు ఒకటుంది. ప్రోగ్రాం నడిపిస్తున్న బ్రౌజర్ ఆ సంగతిని దాచకూడదు. నన్ను యంత్రం నడుపుతోందని చెప్పే గుర్తు ఒకటి పేజీకి కనబడేలా ఉండాలి. సింహద్వారం గుండా రావచ్చు, కాని పేరు చెప్పుకుని రావాలన్నమాట.

తెర లేకుండా పనిచేసే బ్రౌజర్

ఇంకో చిక్కు మిగిలింది. ఈ ప్రోగ్రాంలు ఎక్కువగా నడిచేది మానిటరే లేని సర్వర్లలో. బ్రౌజర్‌కేమో బొమ్మ గీయడానికి తెర కావాలి. 2011లో ఆరియ హిదాయత్ విడుదల చేసిన ఫాంటమ్‌జేఎస్ ఆ అక్కర తీర్చింది. పేజీని లోలోపలే నడిపి, ఫలితాన్ని కమాండ్ తెరకు తెచ్చిచ్చే బ్రౌజర్ అది. 2017లో క్రోమ్ 59 కూడా తెర లేకుండా నడవడం నేర్చింది. ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకే ఫాంటమ్‌జేఎస్ బాగోగులు చూస్తున్న విటాలి స్లోబోదిన్ తప్పుకున్నాడు. అసలు క్రోమే ఆ పని చేస్తుంటే ఇంకొకటి ఎందుకన్నది అతని మాట సారం.

అదే ఏడాది క్రోమ్ బృందం పప్పెటీర్‌ను ఇచ్చింది. అది చేసినవాళ్లలో కొందరు మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి 2020 జనవరిలో ప్లేరైట్‌ను తెచ్చారు. కొద్ది నెలల్లో పైథాన్‌లోనూ అందింది. సెలీనియం వాడినవాళ్లను ఏడిపించిన ఒక సమస్యను ప్లేరైట్ తనే చూసుకుంది. నెట్ నెమ్మదిగా ఉంటే బటన్ కనబడకముందే ప్రోగ్రాం నొక్కబోయి చతికిలబడేది. అందుకని మూడు సెకన్లు ఆగు, అయిదు సెకన్లు ఆగు అని ఊహ మీద రాసుకునేవారు. ప్లేరైట్ అయితే బటన్ వచ్చి, నొక్కడానికి వీలయ్యేదాకా తనంతట తానే ఆగుతుంది. సిగ్నల్ ఒక పూట ఉండి ఒక పూట లేని ఊళ్లలో ఈ ఓపిక విలువ తెలుస్తుంది.

ప్రోగ్రాం రాసే శ్రమ కూడా వద్దనుకునేవాళ్లకు 2022లో షాట్-స్క్రేపర్ వచ్చింది. పైథాన్‌లో పేరున్న జాంగో సృష్టికర్తల్లో ఒకరైన సైమన్ విల్లిసన్ దీన్ని ప్లేరైట్ మీద కట్టాడు. కమాండ్ తెర మీద ఒక్క లైను కొడితే పేజీ ఫొటో వస్తుంది, లేదంటే పేజీలోంచి కావలసిన సమాచారం ఏరి ఇస్తుంది. నికోలా పెలో మొదలుపెట్టిన చోటికే వెబ్ తిరిగొచ్చిందనుకోవచ్చు, కాకపోతే ఈసారి పూర్తి బ్రౌజర్ బలంతో.

అమీర్‌పేట బోర్డుల మీద

తెలుగువాళ్లకు సెలీనియం పరిచయమైంది రసాయన శాస్త్రం పుస్తకంలో కంటే అమీర్‌పేట బోర్డుల మీదే ఎక్కువ. మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ కేంద్రాల గోడలు ఒకప్పుడు మాన్యువల్ టెస్టింగ్, క్యూటీపీ అని చెప్పేవి. తర్వాత వాటి పక్కన సెలీనియం చేరింది, ఆపైన సెలీనియం విత్ పైథాన్. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని నుంచి రైలెక్కి, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో ఉండి, ఈ కోర్సులు చేసి ఉద్యోగం పట్టుకున్న గని కార్మికుల పిల్లలు ఎందరో. క్యూటీపీ నేర్చుకోవాలంటే ఇన్‌స్టిట్యూట్ ల్యాబే దిక్కు. సెలీనియం ఉచితం కనుక కాసిపేట ఇంట్లో కూర్చుని సొంత ల్యాప్‌టాప్ మీద సాధన చేయవచ్చు. హగ్గిన్స్ వేళాకోళం ఇంతదూరం వచ్చి పనికొచ్చింది.

తండ్రుల తరంలోనూ ఒక మార్పు ఇలాగే వచ్చింది. సింగరేణి భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్ల స్థానంలోకి ఆ బొగ్గును ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. నడుము విరిగే పని తప్పింది, దాంతో పాటు ఆ కొలువులూ తగ్గాయి. బ్రౌజర్ ఆటోమేషన్ కూడా మాన్యువల్ టెస్టింగ్ ఉద్యోగాలను తగ్గించింది, ప్రోగ్రాం రాయగల టెస్టర్లకు గిరాకీ పెంచింది.

ఉద్యోగాల బయట చూస్తే తెలుగు వికీపీడియా మంచి ఉదాహరణ. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో వేలాది గ్రామాలకు పేజీలున్నాయి. జనగణన లెక్కలు, జనాభా వివరాలు వాటిలో ఒకే మూసలో కనిపిస్తాయి. చేత్తో చేస్తే ఏళ్లు పట్టే అలాంటి పనిని కొద్దిమంది స్వచ్ఛంద సంపాదకులు బాట్లు అనే, తమంతట తామే మార్పులు చేసే ప్రోగ్రాంల సాయంతో నెగ్గుకొచ్చారు. వికీలో బాట్‌కు ప్రత్యేక ఖాతా ఉండాలి, సముదాయం అనుమతి ఇవ్వాలి, చేసిన ప్రతి మార్పూ చరిత్రలో కనబడాలి. పేరు చెప్పుకుని రావడమంటే ఇదే.

తత్కాల్ పరుగులో

పేరు దాచుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఉదయం 10 గంటలకు ఏసీ, 11కు స్లీపర్ తత్కాల్ తెరుచుకోగానే మంచిర్యాల నుంచి టికెట్ కోసం ప్రయత్నించినవాళ్లకు ఈ సంగతి అనుభవమే. పేరు కొట్టేలోగా సీట్లు అయిపోతాయి. తత్కాల్ తెరుచుకున్న తొలి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖే చెప్పింది. జూలై నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. అనుమతి లేకుండా ఆన్‌లైన్ టికెట్ల వ్యాపారం చేసినా రైల్వే చట్టం 143వ సెక్షన్ వర్తిస్తుందని ఆ ఏడాది జనవరిలోనే సుప్రీంకోర్టు తేల్చింది.

2021 వేసవిలో ప్రభుత్వ వెబ్‌సైట్ కోవిన్‌లో కరోనా టీకా స్లాట్ల కోసం కూడా ఇలాంటి పరుగే నడిచింది. స్లాట్ తెరుచుకోగానే కబురు చెప్పే ప్రోగ్రాంలు చదువుకున్న కుర్రాళ్లు రాశారు. వాటి తాకిడికి ప్రభుత్వం తన ఏపీఐ (ప్రోగ్రాంలు నేరుగా సమాచారం తీసుకునే దారి) మీద పరిమితులు పెట్టింది. స్మార్ట్‌ఫోనే లేని పల్లెజనం ఎలా నమోదు చేసుకోవాలని సుప్రీంకోర్టు అడిగింది కూడా ఆ రోజుల్లోనే. ప్రోగ్రాం రాయగలవాడు ముందుకు దూకితే, రాయలేనివాడు వరసలో వెనకబడతాడు.

అందుకే సైట్లూ తమ కాపలా పెట్టుకుంటాయి. ప్రోగ్రాంలు ఎక్కడికి రావచ్చో ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు పద్ధతిని 1994లోనే మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించాడు. మనిషివో కావో నిరూపించుకోమనే క్యాప్చా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కొన్ని పనుల్లో మనిషి ఎదుట ఉండటమే అసలు ఉద్దేశం. గని పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అలాంటిది. అక్కడ వేలిముద్రకో ముఖానికో బదులు స్క్రిప్టు పెట్టాలనుకోవడం సౌకర్యం అనిపించుకోదు, మోసం అవుతుంది.

ఇప్పుడు కథ మరో అడుగు వేసింది. 2024 అక్టోబరులో ఆంత్రోపిక్, 2025 జనవరిలో ఓపెన్‌ఏఐ బ్రౌజర్‌ను నడపగల ఏఐ సాధనాలు చూపించాయి. గడి పేరు, బటన్ పేరు మనం రాయక్కర్లేదు, ఏం కావాలో మాటల్లో చెబితే చాలు. తలుపు దగ్గర అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. ఎవరు నువ్వు, ఎవరి తరఫున వచ్చావు?

నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. పైథాన్, సెలీనియం, ప్లేరైట్ మూడూ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తాయి. మొదటి ప్రోగ్రాం మీ ఊరి కాలేజీకో, మీ నాన్న ఆఫీసుకో పనికొచ్చేలా రాయండి. సైట్ నిబంధనలు ముందే చదవండి. ఒక్కో క్లిక్కుకూ నడుమ కాస్త విరామం ఇవ్వండి. పక్కవాడి పాస్‌వర్డ్, పిల్లల మార్కులు, ఆధార్ నంబర్లు మీ స్క్రిప్టులో ఎక్కడా మిగలనివ్వకండి. సైట్‌వాళ్లు ఏపీఐ ఇస్తే బ్రౌజర్‌ను వదిలి దాన్నే వాడండి. తత్కాల్ సీటు ముందుగా లాగడానికి మాత్రం ఈ విద్యను వాడకండి. ఆ సీటు కోసం ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్లలో మీ ఊరివాళ్లూ ఉంటారు.